మెడ తిరిగిపోతోంది, స్కాన్ నార్మల్... ఎవరికి చూపించాలి?

పాఠకుల ప్రశ్నలకు న్యూరాలజిస్ట్ జవాబులు

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మా ఆయనకి 44 ఏళ్లు, మగ్గం నేస్తారు. రెండేళ్ల కిందట మెడ కుడివైపుకి లాగడం మొదలైంది. మొదట్లో మగ్గం మీద కూర్చున్నప్పుడే లాగేది. ఇప్పుడు అన్నం తినేటప్పుడు, బండి నడిపేటప్పుడు కూడా తల పక్కకి తిరిగిపోతోంది, మధ్యమధ్యలో అదురుతోంది. ఎముకల డాక్టర్‌కి చూపిస్తే మెడ ఎముక అరిగిందని పట్టీ వేశారు. దాంతో నొప్పి ఇంకా ఎక్కువైంది. అప్పు చేసి పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లాం. మెదడుకి, మెడకి ఎమ్మారై తీసి ‘అంతా నార్మల్, టెన్షన్ తగ్గించుకోండి’ అన్నారు. గడ్డం మీద వేలు ఆనించుకుంటే చాలు, తల తిన్నగా వస్తుంది. నిద్రలో అసలేమీ ఉండదు. అది చూసి మా అత్తగారితో సహా అందరూ పని ఎగ్గొట్టడానికి నాటకమాడుతున్నాడంటున్నారు. ఆయన నలుగురిలోకి రావడమే మానేశారు. అసలు ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి? హైదరాబాద్ వెళ్లాలా, బెంగళూరు వెళ్లాలా?
— ఒక సోదరి, చీరాల

జవాబు: అమ్మా, గడ్డం మీద వేలు ఆనిస్తే తల తిన్నగా వస్తోందని రాశారు. ఆ ఒక్క మాటతోనే నాకు జబ్బు సగం తెలిసిపోయింది. మనిషిని చూడకుండా ఖాయం చేయకూడదు గానీ, మీరు రాసిన వివరాలన్నీ సర్వైకల్ డిస్టోనియా అనే జబ్బుకి సరిపోతున్నాయి. మెదడు లోపల బేసల్ గాంగ్లియా అనే భాగం మన కదలికల్ని సరిదిద్దుతూ ఉంటుంది. అక్కడ తేడా వస్తే మెడలో కొన్ని కండరాలు మన ప్రమేయం లేకుండా బిగుసుకుంటాయి. పడుగు ఒక పక్క బిగువెక్కితే బట్ట ఎటు లాక్కుపోతుందో మీ ఇంట్లో నేను చెప్పక్కర్లేదు. ఇక్కడ తల పరిస్థితీ అంతే. ఒకచోట చర్మాన్ని తాకగానే ఆ బిగువు కాసేపు సడలడం ఈ జబ్బుకి ప్రత్యేకమైన గుర్తు. కొందరికి చెంప తాకితే సడలుతుంది, కొందరికి తల వెనక్కి గోడకి ఆనిస్తే సడలుతుంది. నిద్రలో పూర్తిగా పోవడం, నలుగురి మధ్య కూర్చున్నా కంగారు పడ్డా పెరగడం కూడా దీని లక్షణాలే. ఊళ్లోవాళ్లు దేన్ని చూసి నాటకం అంటున్నారో, మేం సరిగ్గా దాన్ని చూసే జబ్బు పోల్చుకుంటాం. దయచేసి ఈ నాలుగు మాటలూ మీ అత్తగారికి చదివి వినిపించండి. ఒళ్లు మాట వినని మనిషికి ఇంట్లోవాళ్లు కూడా నమ్మకపోతే ఎంత నరకమో నా ఓపీలో చాలామంది కళ్లలో చూశాను.

ఇక ఎమ్మారై. అది నార్మల్ వచ్చిందంటే మెదడులో గడ్డ లేదు, స్ట్రోకు రాలేదు, మెడలో నరం నలగలేదు అని అర్థం. ఆ మేరకు అది ఉపయోగపడింది, ఆ డబ్బు వృథా కాలేదు. కానీ ఎమ్మారై మెదడు ఆకారాన్ని చూపిస్తుంది, అది కదలికల్ని ఎలా నడుపుతోందో చూపించదు. డిస్టోనియా, పార్కిన్సన్స్, వణుకు జబ్బు లాంటివి చాలావరకు డాక్టర్ కళ్లతో చూసి, చేత్తో పట్టి చూసి తేల్చాల్సినవే. 1817లో లండన్‌లో జేమ్స్ పార్కిన్సన్ తన పేరుతో పిలిచే జబ్బు గురించి మొదటిసారి రాసినప్పుడు ఆయన దగ్గరున్నది ఆరుగురి వివరాలే. వాళ్లలో కొందర్ని వీధిలో నడుస్తుండగా గమనించి రాశాడు. ఇన్నేళ్ల తర్వాతా మా పని అక్కడే మొదలవుతుంది. అందుకే పెద్ద మిషన్లున్న ఆసుపత్రి కంటే ఇలాంటి రోగుల్ని రోజూ చూసే డాక్టర్ మీకు ముఖ్యం.

ఆ డాక్టర్‌ని ఎలా పట్టుకోవాలో చెబుతాను. ఎముకల డాక్టర్, న్యూరోసర్జన్, న్యూరాలజిస్ట్ ముగ్గురూ వేర్వేరు. బోర్డు మీద ‘న్యూరో’ అని ఉన్నంత మాత్రాన సరిపోదు. ఎంబీబీఎస్, ఎండీ అయ్యాక డీఎం న్యూరాలజీ గానీ డీఎన్‌బీ న్యూరాలజీ గానీ చేసినవాళ్లు న్యూరాలజిస్టులు. బోర్డు మీద ఆ అక్షరాలు వెతకండి. ఆ న్యూరాలజిస్టుల్లోనే కొందరు కదలికల జబ్బుల మీద, అంటే మూవ్‌మెంట్ డిజార్డర్స్ మీద ప్రత్యేకంగా ఫెలోషిప్ చేసి వస్తారు. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో, తిరువనంతపురం శ్రీచిత్ర ఆసుపత్రిలో ఆ శిక్షణ ఇస్తారు. ఫోన్ చేసినప్పుడు రిసెప్షన్‌లో ‘మెడ నొప్పి’ అనకండి. అంటే మళ్లీ ఎముకల డాక్టర్‌కే అపాయింట్‌మెంట్ రాసేస్తారు. ‘మూవ్‌మెంట్ డిజార్డర్స్ చూసే న్యూరాలజిస్ట్ ఉన్నారా? డిస్టోనియాకి బోట్యులినం ఇంజెక్షన్లు ఏ రోజు ఇస్తారు?’ అని అడగండి. రెండో ప్రశ్నకి తడుముకోకుండా జవాబు వచ్చిందంటే అక్కడ ఆ పని తరచూ జరుగుతోందన్నమాట.

మీకైతే ముందే బెంగళూరు పరుగెత్తాల్సిన పని లేదు. గుంటూరు జనరల్ ఆసుపత్రిలో న్యూరాలజీ విభాగం ఉంది, మంగళగిరి ఎయిమ్స్ కూడా మీకు దగ్గరే. మొదట అక్కడ చూపించి జబ్బు పేరు కాగితం మీద రాయించుకోండి. ఇంజెక్షన్ అక్కడ కుదరదంటే హైదరాబాద్ నిమ్స్‌కి రిఫరల్ లెటర్ అడిగి తీసుకెళ్లండి. ఈ జబ్బుకి వైద్యం ఒక్కసారితో అయిపోదు, సుమారు మూడు నెలలకోసారి వెళ్లాలి. పొద్దున బయల్దేరి రాత్రికి ఇంటికి చేరగలిగే చోట వైద్యం దొరికితే అంతకంటే కావాల్సిందేముంది? పెద్ద కేంద్రంలో ఒకసారి జబ్బు ఖాయం చేయించుకుని, ఇంజెక్షన్లు దగ్గర్లో తీసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

వెళ్లే ముందు ఒక వీడియో తీయండి. డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు కొందరికి మెడ మామూలుగానే ఉంటుంది, ఇంటికి రాగానే మొదలవుతుంది. కాలర్ లేని బనియన్ వేసుకుని వెలుతురులో కూర్చోమనండి, మెడ, భుజాలు బాగా కనపడాలి. కళ్లు మూసుకుని, తలని ఆపే ప్రయత్నం చేయకుండా ఎటు పోతే అటు వదిలేయమనండి. అలా ఒక నిమిషం తీయండి. తర్వాత గడ్డం మీద వేలు ఆనించినప్పుడు, నడిచేటప్పుడు, మగ్గం మీద పలక ఆడిస్తున్నప్పుడు కొంచెం కొంచెం తీయండి. ఏ ఎమ్మారై ఫిల్మూ చెప్పలేని సంగతి ఆ వీడియో చెబుతుంది. ఇప్పటిదాకా వాడిన మాత్రల షీట్లన్నీ కూడా ఒక సంచిలో వేసుకెళ్లండి. వాంతులకి ఇచ్చే మెటోక్లోప్రమైడ్, మానసిక సమస్యలకి ఇచ్చే హాలోపెరిడాల్, రిస్పెరిడోన్ లాంటి మందుల వల్ల కూడా మెడ ఇలా లాగొచ్చు. ఆ ప్రశ్న డాక్టర్ తప్పకుండా అడగాలి. అడగకపోతే మీరే చెప్పండి.

వైద్యం ఎలా ఉంటుందంటే, ట్రైహెక్సీఫెనిడిల్, క్లోనజెపామ్, బాక్లోఫెన్ లాంటి మాత్రలు కొంత పనిచేస్తాయి గానీ నోరెండిపోవడం, మత్తు, మతిమరుపు లాంటి ఇబ్బందులుంటాయి. మెడకి ప్రధానమైన వైద్యం బోట్యులినం ఇంజెక్షన్. జనం బొటాక్స్ అంటారు. ముఖం మీద ముడతలకి వాడేది కూడా ఇదే గానీ, ముడతల కోసం రాకముందే కనురెప్పలు బిగుసుకుపోయే జబ్బుకి అమెరికాలో 1989లోనే అనుమతి వచ్చింది. మెడ డిస్టోనియాకి 2000లో వచ్చింది. పనితనమంతా ఏ కండరంలో పొడవాలో తెలియడంలోనే ఉంది. తల కుడికి తిరుగుతుంటే ఎక్కువగా ఎడమ పక్కన మెడ ముందుండే కండరం, కుడి పక్కన మెడ వెనక ఉండే కండరం దానికి కారణం. తెలియనివాళ్లు నొప్పి ఉన్నచోటే పొడుస్తారు. తెలిసినవాళ్లు మెడంతా తడిమి, అవసరమైతే కండరాల్లో విద్యుత్తుని పసిగట్టే ఈఎంజీ గానీ అల్ట్రాసౌండ్ గానీ పెట్టుకుని పొడుస్తారు.

ఇంజెక్షన్ చేయగానే ఏమీ తెలియదు. వారం, రెండు వారాల్లో బిగువు సడలుతుంది, సుమారు మూడు నెలలు ఉంటుంది. మొదటిసారి మోతాదు తక్కువతో మొదలుపెడతారు కాబట్టి అనుకున్నంత గుణం కనిపించకపోవచ్చు. అక్కడితో ఆపేయొద్దు, రెండోసారికి, మూడోసారికి డాక్టర్ కండరాలు మార్చి, మోతాదు సరిచేస్తారు. కొన్నాళ్లు మింగడం కష్టంగా ఉండొచ్చు, తల నిలపడం బరువుగా అనిపించొచ్చు. మింగడం మరీ ఇబ్బందైనా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మందు ఖరీదైనదే. ఎన్ని యూనిట్లు పడుతుందో, ఎంతవుతుందో ముందే అడగడానికి మొహమాటపడకండి. ఒక కంపెనీ యూనిట్ ఇంకో కంపెనీ యూనిట్‌తో సమానం కాదు, కాబట్టి ఏ బ్రాండ్, ఏ కండరంలో ఎన్ని యూనిట్లు అన్నది ప్రతిసారీ చీటీ మీద రాయించుకోండి. రేపు డాక్టర్ మారినా, ఊరు మారినా ఆ చీటీ ఉంటే మళ్లీ మొదటికి రారు. ఇంజెక్షన్లతో కూడా లొంగని కొద్దిమందికి మెదడులో తీగ అమర్చే డీబీఎస్ ఆపరేషన్ ఉంది. అది ఇప్పుడు మీరు ఆలోచించాల్సిన సంగతి కాదు.

మీ ఆయన మంగలి షాపులో మెడ విరిపించుకునే అలవాటున్నా, ఎవరైనా గట్టిగా తిప్పి సరిచేస్తామన్నా ఒప్పుకోవద్దు. మెడలో మెదడుకి వెళ్లే రక్తనాళాలుంటాయి. అవి చిరిగితే పక్షవాతం వస్తుంది. పట్టీ కూడా తీసేయొచ్చేమో మొదటిసారి వెళ్లినప్పుడే అడగండి. ఆయన దిగులు గురించీ డాక్టర్‌కి చెప్పండి. డిస్టోనియా ఉన్నవాళ్లలో డిప్రెషన్ తరచూ ఉంటుంది, దానికీ మందులున్నాయి. దిగులు వల్ల మెడ తిరగలేదు, కానీ దిగులు తగ్గితే మెడ బాధ భరించడం తేలికవుతుంది.

ప్రశ్న: నేను కువైట్‌లో పనిచేస్తున్న. మా అమ్మ జగిత్యాల దగ్గర ఊర్లో ఉంటది, 70 ఏళ్లు. ఐదారు నెలల నుంచి నడక బాగా నెమ్మదైంది, రెండు చేతులూ వణుకుతున్నాయి, ముఖంలో నవ్వు కనిపిస్తలేదు. పార్కిన్సన్స్ అన్నరు. నెట్‌లో చూస్తే డీబీఎస్ ఆపరేషన్ ప్యాకేజీలు కనిపించినయ్. పొలం కొంత అమ్మి చేయిద్దామనుకుంటున్న. మంచి స్పెషలిస్ట్‌ని చెప్పండి. వీడియో కాల్‌లో చూపిస్తే సరిపోతదా? అమ్మకి బీపీ గోలీలు, కండ్లు తిరుగుతున్నయని మా ఊరి ఆర్‌ఎంపీ ఇచ్చిన గోలీలు తప్ప వేరే మందులు లేవు.
— ఒక పాఠకుడు, కువైట్

జవాబు: బాబూ, పొలం అమ్మకు. నీ ఉత్తరంలో చివరి వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను. కళ్లు తిరుగుతున్నాయని మన ఊళ్లలో ఇచ్చే మాత్రల్లో సిన్నరిజిన్, ఫ్లూనరిజిన్ చాలా ఎక్కువ. రెండు వారాలు, మూడు వారాలు వాడితే ఫరవాలేదు. పెద్ద వయసువాళ్లు నెలల తరబడి వేసుకుంటే మెదడులో కదలికలకి అవసరమైన డోపమైన్ అనే రసాయనం పనిని అడ్డుకుని అచ్చం పార్కిన్సన్స్‌లాగే చేస్తాయి. గ్యాస్‌కి ఇచ్చే మాత్రల్లో కలిపి ఉండే లెవోసల్పిరైడ్ కూడా అంతే. అసలు పార్కిన్సన్స్ మామూలుగా ఒక పక్క మొదలై మెల్లగా రెండో పక్కకి వస్తుంది. మీ అమ్మగారికి రెండు చేతులకీ ఒకేసారి రావడం, కొద్ది నెలల్లోనే ఇంత ముదరడం చూస్తుంటే మందు మీద నాకు అనుమానం గట్టిగా ఉంది.

ఇంట్లో ఎవరినైనా అమ్మ మాత్రల షీట్లన్నీ ఫోటోలు తీసి పంపమను. మందు పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది, షీటు వెనక్కి తిప్పి తీయమను. నేను చెప్పిన పేర్లలో ఏదైనా కనిపిస్తే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకుండా డాక్టర్‌తో మాట్లాడండి. బీపీ మాత్ర మాత్రం సొంతంగా ఆపొద్దు. అసలు కారకమైన మందు ఆపాక కూడా వణుకు తగ్గడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. కొంతమందిలో లోపల దాగి ఉన్న పార్కిన్సన్స్‌ని మందు బయటపెడుతుంది. వాళ్లకి పూర్తిగా తగ్గదు. ఆ తేడా తేల్చడానికే న్యూరాలజిస్ట్ కావాలి. అనుమానం తీరకపోతే డోపమైన్ కణాల్ని చూసే ట్రోడాట్ అనే స్కాన్ ఉంది, మందు వల్ల వచ్చిన వణుకైతే అది నార్మల్‌గా వస్తుంది. అది డాక్టర్ చూశాక, అవసరమంటేనే.

వీడియో కాల్ సంగతి. 2020 మార్చిలో టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వచ్చాక ఫోన్‌లో వైద్యం చట్టప్రకారం చెల్లుతుంది. నడక, వణుకు, ముఖం వీడియోలో బాగానే కనపడతాయి. చేయి పట్టుకుని మడిచి చాపి చూస్తే తెలిసే బిగువు మాత్రం ఫోన్‌లో తెలియదు. అందుకని మొదటిసారి మనిషిని తీసుకెళ్లాల్సిందే. కరీంనగర్‌లో డీఎం న్యూరాలజిస్ట్ ఎవరున్నారో చూసి అక్కడే మొదలుపెట్టండి. ఆ రోజు నువ్వు కువైట్ నుంచి వీడియో కాల్‌లో ఉండు. ఆ తర్వాత డాక్టర్‌కి చూపించడం ఫోన్‌లో కొనసాగించొచ్చు.

డీబీఎస్ నిజంగా గొప్ప వైద్యమే, దాన్ని తక్కువ చేయను. కానీ అది పార్కిన్సన్స్ ఖాయమై, ఆ జబ్బుకి ఇచ్చే ప్రధానమైన మందు లెవోడోపా బాగా పనిచేసి, కొన్నేళ్ల తర్వాత మందు ప్రభావం మధ్యలోనే తగ్గిపోతూ, ఒళ్లు మెలికలు తిరగడం మొదలైనవాళ్లకి. మందు వల్ల వచ్చిన వణుకుకి ఆ ఆపరేషన్ చేయరు. లెవోడోపా ఇచ్చి చూడకుండా, ముందే ప్యాకేజీ రేటు మాట్లాడే చోట ఒక్క నిమిషం కూర్చోవద్దు.

ప్రశ్న: మా బాబుకి 17 ఏళ్లు, ఇంటర్ చదువుతున్నాడు. ఏడాదిగా చేతిరాత పూర్తిగా పాడైంది. మాట ముద్దగా వస్తోంది, నోట్లోంచి చొంగ కారుతోంది, కుడి చేయి వంకర తిరుగుతోంది. కోపం ఎక్కువైంది. దిష్టి అంటే తీయించాం, గాలి సోకిందంటే తాయెత్తు కట్టించాం. పదేళ్ల వయసులో కామెర్లు వచ్చి తగ్గాయి. మాది మేనరికం. చిన్నది చెల్లెలు ఉంది, బాగానే ఉంది. ఏ డాక్టర్‌కి చూపించాలి?
— ఒక తల్లి, ఆదోని

జవాబు: అమ్మా, ఈ సంచిక మీ చేతికి వచ్చిన వారంలోనే కర్నూలు పెద్దాసుపత్రి న్యూరాలజీ ఓపీకి బాబుని తీసుకెళ్లండి. ఇంటర్ పరీక్షలు అయ్యాక చూద్దామని వాయిదా వేయొద్దు. చిన్న వయసులో చేయి వంకర పోవడం, మాట ముద్దవడం, స్వభావం మారడం, అంతకుముందు కామెర్లు, పైగా మేనరికం. ఇవన్నీ కలిస్తే మొదట చూడాల్సింది విల్సన్ జబ్బు. తిండిలో ఉండే రాగి ఒంట్లోంచి బయటికి పోకుండా కాలేయంలో, మెదడులో పేరుకుపోతుంది. తల్లిదండ్రులిద్దరి దగ్గర్నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే ఈ జబ్బు వస్తుంది, అందుకే దగ్గరి సంబంధాల్లో ఎక్కువ. నరాల జబ్బుల్లో ఇంత బాగా లొంగేవి చాలా తక్కువ, తొందరగా పట్టుకుంటేనే సుమా. ఆలస్యమైతే మెదడుకి, కాలేయానికి జరిగిన నష్టం పూర్తిగా వెనక్కి రాదు.

డాక్టర్‌కి ‘విల్సన్ జబ్బు అవుతుందేమో చూడండి’ అని మీరే ధైర్యంగా అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు. రక్తంలో రాగిని మోసే సెరులోప్లాస్మిన్ అనే ప్రొటీన్, 24 గంటల మూత్రంలో రాగి, కాలేయం పరీక్షలు రాస్తారు. కంటి డాక్టర్ స్లిట్ ల్యాంప్ అనే పరికరంతో నల్లగుడ్డు అంచున గోధుమ రంగు వలయం ఉందేమో చూస్తారు. నరాలదాకా వచ్చిన విల్సన్ జబ్బులో చాలామందికి ఆ వలయం కనిపిస్తుంది. మూత్రం పట్టేటప్పుడు ల్యాబ్‌వాళ్లు ఇచ్చిన డబ్బాలోనే పట్టండి, ఇంట్లో రాగి చెంబుల దగ్గరికి పోనివ్వకండి. జబ్బు ఖాయమైతే పెనిసిల్లమిన్, జింక్ లాంటి మందులు జీవితాంతం వాడాలి. పెనిసిల్లమిన్ మొదలుపెట్టిన కొత్తలో కొందరికి లక్షణాలు పెరుగుతాయి. అందుకే తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, డాక్టర్ చూస్తూ పెంచుతారు. పెరిగాయని భయపడి మీరే మందు ఆపేయకండి, ఆ రోజే డాక్టర్‌కి చెప్పండి. లక్షణాలు తగ్గాయి కదా అని ఆపినా ప్రమాదమే.

బాబుకి విల్సన్ అని తేలితే చెల్లెలికి కూడా అవే పరీక్షలు చేయించండి. తోడబుట్టినవాళ్లలో నలుగురిలో ఒకరికి ఆ జబ్బు ఉండే అవకాశం ఉంది. లక్షణాలు రాకముందే మందు మొదలుపెడితే ఆ పిల్లకి ఏ ఇబ్బందీ రాకుండా చూసుకోవచ్చు. కర్నూలు వెళ్లేటప్పుడు బాబు రెండేళ్ల కిందటి నోటు పుస్తకం ఒకటి, ఇప్పటిది ఒకటి, కామెర్లప్పటి కాగితాలు దొరికితే అవీ తీసుకెళ్లండి.